జిగురు గిన్నె, పిల్ల గిన్నె

అక్కయ్యకి నమస్కారాలు.

ఇక్కడంతా క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. నువ్వు హెడ్మిస్ట్రెస్‌వి కాబట్టి మీ బడి పిల్లల క్షేమం గురించి అడిగే ధైర్యం చెయ్యను.

నీ మరదలిని ఆఫీసువాళ్ళు మూడు నెలల శిక్షణకని వేరే ఊరు పంపారు. "ఇంట్లో కూచుని పుస్తకాలు కుట్టుకునేవాడివే కదా, పిల్లని చూసుకోవడం ఎంత పని!" అని అందరూ అన్నారు. వాళ్ళతోపాటు నేనూ అన్నాను. ఇప్పుడు తల ప్రాణం తోకకొస్తోంది.

నీకు తెలుసుగా, ముందు గది నా బైండింగు షాపు, వెనక గది మా ఇల్లు. మధ్యలో ఒక తలుపుంది. నీ మేనకోడలు పిడుగు ఇంతవరకూ దాన్ని తలుపుగా గుర్తించలేదు. ఏడాదిన్నర పిల్లకి అన్నం పెట్టడమంటే గొప్ప విద్య కాదనుకున్నాను. చెంచా చూపిస్తే నోరు మూస్తుంది. పిల్లి వచ్చిందంటే నోరు తెరుస్తుంది, చెంచా దగ్గరికి రాగానే మళ్ళీ మూస్తుంది. లేని పిల్లికి నమస్కారం పెట్టి నేను తిరిగి వస్తాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారే, దీని కుందేలుకి అసలు కాళ్ళే లేవు. మరోపక్క కాలేజీ లైబ్రరీ పుస్తకాలు బల్ల మీద గుట్టగా పడున్నాయి. పరీక్షల లోపు బైండు చేసి ఇవ్వాలి.

ఉద్యోగం చేస్తూనే ఇద్దరు పిల్లల్ని పెంచావు నువ్వు. మీ ఇంట్లో వాళ్ళు కంచం నాకి మరీ లేచేవాళ్ళు. త్వరగా అయ్యేదీ, ఒంటికి పట్టేదీ, నన్ను బల్ల దగ్గర్నుంచి లేపనిదీ ఏదైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకో.

నీ తమ్ముడు

తా.క.: ఈ ఉత్తరం మూలకి అంటుకున్నది గుమ్మడికాయ గుజ్జు. ఇవాళ వండినదాంట్లో పిల్ల నోటిదాకా వెళ్ళింది అదొక్కటే. అక్కణ్ణుంచే ఇక్కడికొచ్చింది.

*

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తప్పులు ఎర్ర సిరాతో దిద్ది దాచాను, కలిసినప్పుడు చూపిస్తాను.

తినని పిల్లలంటూ ఉండరు. క్రమశిక్షణ లేని పెద్దలే ఉంటారు. మొక్కై వంగనిది మానై వంగుతుందా? శ్రద్ధగా చదువు. పొద్దున్నే ఒక్కసారి పొయ్యి వెలిగించు. బియ్యం, పప్పు, తురిమిన క్యారెట్ ఒకే గిన్నెలో పోసి మెత్తగా ఉడికించు. పక్కన గుడ్డూ బంగాళాదుంపా ఉడికిపోతాయి. పదింటికి గుడ్డూ దుంపా చిదిమి పెట్టు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం అరటిపండూ పెరుగూ. ఇంతే, దీనికి వేదాంతం అక్కర్లేదు. నీళ్ళెన్ని అంటావేమో, సరిపడా. ఎంతసేపు అంటావేమో, ఉడికేదాకా.

వెంటపడి తినిపించకు. నువ్వు పనిచేసే బల్ల పక్కనే దాని గిన్నె పెట్టు. నీ పని నువ్వు చేసుకో, దాని పని అది చేసుకుంటుంది. మా పిల్లలు అలాగే పెరిగారు.

ఇంకో మాట. నెలాఖరుకి పిల్ల కాస్త ఒళ్ళు చెయ్యకపోతే దాన్ని ఇక్కడికి తెచ్చేసుకుంటాను. వాళ్ళమ్మ వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది. నీ పుస్తకాలు నువ్వు ప్రశాంతంగా కుట్టుకోవచ్చు.

ఆశీర్వదిస్తూ,
అక్క

తా.క.: మరకలున్న కాగితానికి మా బడిలో మార్కులు వెయ్యం.

*

అక్కకి నమస్కారాలు.

నేను క్షేమం. పిల్ల క్షేమం. ఒక పుస్తకం మాత్రం క్షేమంగా లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. బల్ల మీద ఎడమవైపు నా జిగురు గిన్నె, కుడివైపు పిల్ల గిన్నె. రెండూ తెల్ల ఎనామిల్ గిన్నెలే, మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన జత. ఆరోజు ఇంట్లో క్యారెట్ అయిపోయింది. ఉండుంటే రంగు చూసైనా తెలిసేది. నేను కుట్టు మీద చూపు పెట్టి, చెయ్యి చాచి, కుంచె ముంచి రాసుకుంటూ పోయాను. జిగురు ఇవాళ కాస్త పలుకుగా ఉందేమిటా అని కూడా అనుకున్నాను, కానీ పని తొందరలో పట్టించుకోలేదు.

మొన్న లైబ్రేరియన్ గారు ఆ పుస్తకం పట్టుకుని వచ్చాడు. తెరిస్తే లోపల చీమలు కవాతు చేస్తున్నాయి. "ఈ అధ్యాయం పప్పుధాన్యాల గురించే. కానీ ఇంత ఉదాహరణ అక్కర్లేదు బాబూ" అన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కదా. ఉన్న ఒక్క పెద్ద ఖాతా పోతుందేమోనని భయపడ్డాను. ఆయన పిల్లని చూసి నవ్వి, మళ్ళీ కుట్టి ఇమ్మన్నాడు.

ఆయన వెళ్ళాక తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. పిల్ల గిన్నెలోది పుస్తకానికి పోతే, పిల్ల తిన్నది జిగురన్నమాట! గిన్నె మొత్తం ఖాళీ చేసింది. అందులో ఉన్న ఇంకో కుంచె కూడా నాకి, "ఇంకా" అంది. అక్కా, తిండి విషయంలో అది "ఇంకా" అనడం అదే మొదటిసారి.

నీ తమ్ముడు

తా.క.: నా కళ్ళకి పిల్ల కాస్త ఒళ్ళు చేసినట్టే ఉంది.

*

ఒరేయ్!

ఆశీస్సులు తర్వాత.

జిగురు తినిపించావా? జిగురా? నాన్న ఆ బల్ల దగ్గరే జిగురు కలిపేవాడు. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాడు. "అది విషం, ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను" అని మనిద్దర్నీ గుమ్మం ఇవతలే నిలబెట్టేవాడు. అన్నీ మర్చిపోయి, పిల్ల ఒళ్ళు చేసిందని సంబరపడతావా? నీ ఉత్తరం చదివిన కంగారులో బడిలో గంట కొట్టడం కూడా మర్చిపోయాను. పిల్లలు చాలా సంతోషించారు.

ఇక నెలాఖరు దాకా ఆగేది లేదు. మీ బావని రేపటి రైలుకే పంపిస్తున్నాను. పిల్ల బట్టలు సర్దిపెట్టు. ముందు డాక్టరుకి చూపించి, తర్వాత ఆయనతో పంపు. ఒక్క రాత్రి ఉండి మర్నాడే బయల్దేరతారు. ఆయన రిటైరై ఖాళీగానే ఉన్నారు. ఆయన ఇంట్లో లేకపోతే నాకు ఆగిపోయే పనంటూ ఏమీ లేదు.

అక్క

తా.క.: ఆ కుంచె కూడా డాక్టరుకి చూపించు.

*

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరమూ బావా ఒకే రైల్లో దిగారు. బావ ముందు ఇంటికొచ్చారు, ఉత్తరం సాయంత్రానికొచ్చింది. అందుకని ఆయన గుమ్మంలో నిలబడి పిల్ల నాలుక చూస్తానంటే, ఇదేం పలకరింపో నాకు అర్థం కాలేదు.

అసలు ముక్క రాయకపోవడం నా బుద్ధితక్కువ. పిల్ల పాకడం మొదలెట్టిన రోజే మైలుతుత్తం ఇంట్లోంచి పారేశాను. నా జిగురంటే ఉడికించిన మైదా, నీళ్ళు, అంతే. ఏ పూటకాపూట కాచుకుంటాను. అయినా నీ మాట తీసెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పిల్లని చూసి బాగుందన్నాడు. కుంచె చూసి నా వంక చూశాడు.

జిగురు ఎందుకు తిందో ఇప్పుడు తెలిసింది అక్కా. దానికి కావలసింది జిగురు కాదు, కుంచె! నేను రోజంతా కుంచెతో పనిచేస్తుంటే తనని చెంచాతో కూచోబెట్టడం అవమానంగా ఉన్నట్టుంది. కొత్త కుంచె కొని వేడినీళ్ళలో మరగబెట్టి ఇచ్చాను. అన్నం, పప్పు, క్యారెట్ మెత్తగా చిదిమి గిన్నెలో పోస్తే, కుంచె ముంచి అరటిపండు ముక్కకి రాసుకుని తింటోంది. గుడ్డు పలచగా అట్టులా పోసి, పుస్తకంలో ఫారాల్లా పొరలు పొరలుగా మడిచి ఇస్తే, ఒక్కో పేజీ తిప్పి చూసి తింటోంది. నచ్చిన పేజీ మళ్ళీ కావాలంటుంది. అది కుదరదని చెప్పడమే కష్టంగా ఉంది.

బావ ఇదంతా చూసి, "ఇంకొక్క పూట చూసి బయల్దేరతాను" అన్నారు.

నీ తమ్ముడు

తా.క.: ఆ పూట నిన్ననే అయిపోయింది.

*

(కార్డు)

తమ్ముడికి,

మైలుతుత్తం లేదన్నది ఆ జిగురు ఉత్తరంలోనే రాయాల్సింది. నీకు చదువు చెప్పినవాళ్ళని అనాలి, అందులో నేనూ ఉన్నాను కాబట్టి ఊరుకుంటున్నాను. ఆయన్ని ఒక్కరోజుకని పంపాను. పిల్లతో సహా వెంటనే బయల్దేరమను. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు.

అక్క

తా.క.: పెద్ద గిన్నె మూత ఎక్కడ ఉంటుందో ఆయన్ని అడిగి రాయి. ఊరికే.

*

అక్కకి నమస్కారాలు.

నీ కార్డు బావకి చదివి వినిపించాను. మూత పప్పు డబ్బా వెనకాల నిలబెట్టి ఉంటుందట. ఆలోచించకుండానే చెప్పారు.

అక్కా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నీ వంట పద్ధతులన్నీ బావకి ఎంత బాగా నేర్పావు! నువ్వు రాయని కొలతలన్నీ ఆయనకి నోటికొచ్చు. పిల్లల అన్నానికి నీళ్ళెన్ని పొయ్యాలో, పప్పు ఎంత ముందు నానాలో, దుంపకి ఏ పక్క పుల్ల గుచ్చి చూడాలో అన్నీ చెప్పారు. నేను రాసుకోబోతే, "రాసుకుంటే రాదు, చెయ్యి" అన్నారు. పొద్దున్న ఒక్కసారి పొయ్యి వెలిగిస్తే సాయంత్రం దాకా మళ్ళీ వంటింటి వంక చూడక్కర్లేకుండా ఉంది. పిల్ల కుంచె పట్టుకుంటుంది, నేను కుంచె పట్టుకుంటాను, ఇద్దరం చెరో పని చేసుకుంటాం. లైబ్రరీ పుస్తకాలన్నీ అయిపోయాయి. లైబ్రేరియన్ గారు ఒక్కో పుస్తకం వాసన చూసి మరీ తీసుకున్నాడు.

ఇక అసలు సంగతి. పిల్లని తీసుకెళ్ళకు అక్కా. నీ దగ్గర సుఖంగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ పనయ్యాక అది నా ఒళ్ళోకి ఎక్కి, నా కుడిచెవి పట్టుకుని పడుకుంటుంది. మొదట్లో చెవి నొప్పెట్టేది. ఇప్పుడు అది పట్టుకోకపోతే నాకే తోచదు. వాళ్ళమ్మ లేదని అది ఏడవకుండా ఉన్నది నా వల్లేనో, నేను ఏడవకుండా ఉన్నది దాని వల్లేనో నాకు తెలీడం లేదు. నువ్వు కాదంటే నేను ఎదురు చెప్పలేను, ఎప్పుడు చెప్పాను గనక? అందుకే బతిమాలుకుంటున్నాను.

నీ తమ్ముడు

తా.క.: బావకి తొందరేమీ లేదట. ఆయన లేకపోతే నీకు ఆగిపోయే పనేమీ లేదని రాశావు కదా, ఆ వాక్యం నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నారు.

*

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం బడిలో చదివాను. ఆ చెవి సంగతి దగ్గర ఆగిపోయాను. ఐదో తరగతి పిల్ల "మేడమ్, మీ కళ్ళజోడు మసకేసింది" అంటే, దాన్ని బల్ల ఎక్కించి నిలబెట్టాను. తర్వాత పాపం అనిపించి దింపాను. పిల్ల నీ దగ్గరే ఉండనీ. నేను తెచ్చుకున్నా దాని చేతికి అందే చెవి నా దగ్గర లేదు. సర్దిన బట్టలు తీసి మళ్ళీ అలమారలో పెట్టెయ్.

అయితే బాధ్యత గల అక్కగా, నీకు వంట నిజంగా వచ్చిందో లేదో తెలుసుకోవలసిన అవసరం నాకుంది. బావ పక్కనుంటే ఎవరైనా వండుతారు. కాబట్టి చిన్న పరీక్ష పెడుతున్నాను. ఆయన్ని అడక్కుండా నీ అంతట నువ్వే తిరుగు టపాలో జవాబులు రాయి. ఒక గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని? 'సరిపడా' అని రాస్తే సున్నా. బియ్యం ముందా, నీళ్ళు ముందా, పొయ్యి ముందా? గుడ్డు ఉడికిందని పగలగొట్టకుండా తెలుసుకోవడం ఎలా? ఇప్పటికే పగిలినవి మూడు ఉన్నాయనుకో, వాటిని ఏం చెయ్యాలి? పప్పు పొంగి పొయ్యి ఆరిపోతే అది ఎవరి తప్పు? ఒక మనిషి, ఉద్యోగం చేసే మనిషి, బడి నుంచి అలిసిపోయి వచ్చి తనకోసం ఒక్క పూట అన్నం వండుకోవాలనుకుందాం. ఊరికే అనుకుందాం. ఎక్కడ మొదలుపెట్టాలి? సోదాహరణంగా వివరించు.

మీ బావని తొందరపెట్టకు. ఆయనకి బాగున్నన్నాళ్ళు ఉండనీ. రేపటి రైలు దొరికితే మాత్రం ఎక్కించు.

ఆశీర్వదిస్తూ,
అక్క

తా.క.: ఆగిపోయే పనేమీ లేదని నేను రాసిన మాట నిజమే. ఏ పనీ ఆగడం లేదు. పొయ్యి మీద పెట్టినవైతే అస్సలు ఆగడం లేదు.

మళ్ళీ తా.క.: గిన్నె అడుగు నల్లగా మారి అన్నం ఊడిరాకపోతే గిన్నె పారెయ్యాలా, నానబెట్టాలా? ఈ ప్రశ్నకి జవాబు ముందు రాయి. కుదిరితే టెలిగ్రాం ఇవ్వు. పొగ ఇంకా వస్తోంది.