చౌకీ ఇంట్లో నలభై ఒక్క గడపలు

తేది: 9-3-1966

తాలూకా తాసీల్దారు గారి సముఖమునకు,
మాచర్ల రోడ్డు చౌకీ ఇంట్లో కాపురముండు గురవమ్మ, వయసు డెబ్బై పైన, చదువు రానిది, చెప్పి వ్రాయించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మునక గ్రామపు గడపలను కలప కింద జమకట్టి వేలం వేయుట ఆపించుట గురించి.

1. మా ఇల్లు పూర్వం ఏటవతలి సరుకుకు సుంకం వసూలు చేసిన రాతి కట్టడము. చౌకీ ఎత్తివేసిన పిమ్మట మా మామగారికి దక్కినది. నా పెనిమిటి పోయినాక నేనొక్కదాన్నే ఉంటున్నాను.

2. డ్యాము నీళ్ళలో మునుగునని ఏటిగడ్డపాలెం ఖాళీ చేయించినప్పుడు జనం తలుపులు, వాసాలు బండ్లకెత్తుకొని పోయిరి. పాత గడప కొత్త ఇంటికి పెట్టరాదని మావైపు పట్టింపు గనుక గడపలు వదిలిరి. వాటిని నీళ్ళపాలు చేయ మనసొప్పక నేను బండి కట్టించి నలభై ఒకటి తెచ్చితిని. ఆ ఊరి వీధిలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండెనో, మా పెద్ద గదిలో ఆ వరసనే పరిపించితిని. ఆ ఊరి మంగలి అద్దము, బడిగంటగా కొట్టిన రైలుపట్టా ముక్క, గొర్రెల మెడగంటలు గోడకు తగిలించితిని. రాళ్ళ లారీల వాళ్ళు ఆగి చూసిపోతారు. శనివారం అరుగు మీద బుర్రకథ, తోలుబొమ్మలాట ఆడిస్తాను. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోను.

3. శుక్రవారం ఆ ఊరి ఆడవాళ్ళు బస్సు దిగి ఎవరి గడపకు వాళ్ళు పసుపు రాసుకొని పోవుచున్నారు. వాళ్ళలో కుల్సుం మటుకు రాయదు. తన గడప మీద కాసేపు కూర్చొని, ఆకు వక్క నమిలి లేస్తుంది.

4. ఇట్లుండగా రెవెన్యూ గిర్దావరు శివరామయ్య గారు వచ్చి, పరిహారం ముట్టిన ఊరి కలప సర్కారుదని, వచ్చే సోమవారం వేలమని చెప్పిరి.

"ఏంది అవ్వా, మనిషికి ఒక గడప చాలదా? ఇన్ని ఎందుకు నీకు?" అని అడిగిరి.

"నా ఒక్కదానివా నాయనా? నలభై ఒక్క ఇళ్ళు అవి. ముందు చెప్పులు విడువు" అన్నాను.

విడువలేదు. వారి మనుషులు గడపలకు తారు పూసి నంబర్లు వేసి, పొడుగువి ఒకచోట, పొట్టివి ఒకచోట కుప్ప పోసిరి. ఇటుకబట్టీ ఆయన వచ్చి చూసిపోయెను.

5. నా కూతురు అంకమ్మను ఆ ఊరే ఇచ్చితిని. బియ్యం కుంచం తన్ని అత్తింటి గడప దాటి లోపలికి పోయింది. ఏడాది తిరక్కముందే కాన్పులో పోతే, దాని మీదుగానే బయటికి తెచ్చిరి. నా బిడ్డకు ఫొటో లేదు. పూడ్చిన చోటు నీళ్ళ కింద ఉంది. శివరామయ్య గారు చెడ్డవారని నేననను. "నీ బిడ్డదేదో చూపించవ్వా, కాగితంలో రాయకుండా వదిలేస్తా" అన్నారు. ఆ గడప కుడికొసన వేలు దూరేంత గొడ్డలి గాటు ఉండేది. కళ్ళు మసకలైనా తడిమి పట్టేదాన్ని. తారు గాట్లన్నిటినీ పూడ్చేసింది. పొద్దు గూకేదాకా తడిమితిని అయ్యా. దొరకలేదు.

6. కావున ఒక్కటి ఇప్పించమని అడిగే దారి నాకు లేకపోయెను. నలభై ఒకటీ విడిపించవలెను. మళ్ళీ వరస పెట్టుటకు తమ మనుషులు అక్కరలేదు. ఆ ఊరి ఆడవాళ్ళూ నేనూ కిరసనాయిలుతో తారు తుడుచుకొని మేమే పెట్టుకొందుము.

ఇది గుమాస్తా చేత చదివించుకొనక, తమరే కళ్ళారా చూచి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గురవమ్మ (వేలిముద్ర)
వ్రాసినది: కృపావరం, రిటైర్డు పంతులు

తా.క.: పంతులు ఇందులో 'దయతో' అని ఆరుచోట్ల రాశాడు. చదివించుకొని అన్నీ కొట్టేయించాను. అది మా హక్కు. మొన్న శుక్రవారం బస్సుకు పన్నెండుమంది దిగారు. వాళ్ళకూ ఎవరిది ఏదో తెలియలేదు. చానాసేపు కుప్పల చుట్టూ కూర్చున్నారు. చివరికి రోశమ్మ లేచి, తనది ఇందులో ఎక్కడో ఉంటుందని వరసబెట్టి అన్నిటికీ పసుపు రాసింది. అందరూ అట్లాగే రాశారు. నేనూ రాశాను.