బానెట్ కింద రాడ్డు ఇప్పకు

బావా, పానాల డబ్బా తీస్తవని తెలిసే ఈ చీటీ దాంట్లో పెడుతున్న. ఇంజిన్ మీద అడ్డంగ బిగిచ్చిన రాడ్డు ఇయ్యాల ఇప్పకు. మణుగూరుల వదినోళ్ల ఇంటికి చేరేదాక అసలు బానెట్టే లేపకు.

మలుపుల కాడ బండి ఊగొద్దని ఏదో వీడియో చూసి నువ్వే దాన్ని పెట్టిచ్చినవ్. ఇప్పుడు ఇంకో వీడియో చూసి, టకటక సప్పుడు దానివల్లనే అంటున్నవ్. ఆ సప్పుడు మణుగూరు పోయేటప్పుడే వస్తది, తిరిగొచ్చేటప్పుడు రాదు. ఎందుకో ఒక్కసారన్న ఆలోచించినవా?

అది అత్తమ్మ కూర డబ్బా. బయల్దేరే ముందు తీగతోని రాడ్డుకు కట్టేస్తది. అక్కడ నువ్వు కాళ్లు కడుక్కునే లోపట ఇప్పుకుంటది. ఇంజిన్ కాకకు కూర పొగలు గక్కుతుంటే, మా అమ్మ చెయ్యే చెయ్యి, ఇంత దూరం వచ్చినా సల్లారలేదని అందరి ముందు మురుస్తవ్. నా కూర ఎనక సీట్ల ఏసీకి బిగుసుకపోతది. దాన్ని జూసి మొఖం ముడుస్తవ్.

నాకు డ్యూటీ ఉంది, మీతోని మణుగూరు రాను, బస్సుకు డ్యూటీకి పోతున్న. అత్తమ్మ పొద్దుగాలనే తన డబ్బా కట్టి స్నానానికి పోయింది. ఆ సందుల నేను నా బోటి కూర గూడ రాడ్డుకు ఇంకో చివర కట్టిన. రెండూ తిని, ఎవరి చెయ్యి ఏందో అప్పుడు చెప్పు.

కళ్యాణి

మర్చిపోయిన, ఇయ్యాల సప్పుడు రెండు దిక్కుల నుంచి వస్తది. మెకానిక్ కాడ ఆపకు.