ముత్తక్క ఆర్కిడ్లు

14 నవంబర్ 1966, బోధన్

చెరకు సీజన్ మొదలైంది. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నాతో పనిచేసే దేవిదాస్ సాయంత్రం క్వార్టర్‌కు వచ్చాడు. మిలిటరీలో ఉన్నప్పుడు అస్సాం నుంచి తెచ్చుకున్న ఆర్కిడ్లు మూడు అక్కకు ఇచ్చాడు. బొటనవేలంత మొక్కలు. మట్టి లేదు, కుండీ లేదు. బెరడు ముక్కకు నాచుతో కట్టి ఉన్నాయి. అతని భార్య పోయాక ఇంట్లో వాటిని చూసేవాళ్లు లేరట.

మా ముత్తక్కను మొగుడు వదిలేసి ఆరేళ్లు. అప్పటి నుంచి నా దగ్గరే ఉంది. బయటివాళ్లతో మాట్లాడదు. ఇవ్వాళ మాట్లాడింది. "గిది బదనిక కాదా? చెట్టు రసం తాగి బతికేది," అంది.

"కాదు. చెట్టును పట్టుకొని ఉంటది, గంతే. దాని తిండి అదే సంపాయించుకుంటది," అన్నాడు దేవిదాస్.

అక్క ఆ మొక్కల వైపు చాలాసేపు చూసింది.

9 జనవరి 1967

దేవిదాస్ ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని వేళ్ల గురించి, నాచు గురించి మాట్లాడుకుంటారు. నిన్న అక్క నవ్వింది. పక్క క్వార్టర్ వాళ్లు చూస్తున్నారు.

2 ఏప్రిల్

ఎండ. అక్క వరండాకు గోనెపట్టా కట్టి రోజుకు నాలుగుసార్లు తడుపుతోంది. అయినా ఒక మొక్క చచ్చిపోయింది. మధ్యాహ్నం అక్క అన్నం తినలేదు.

18 ఏప్రిల్

నిన్న షిఫ్ట్ అయ్యాక క్యాంటీన్‌లో దేవిదాస్ అడిగాడు. అక్కను చేసుకుంటానన్నాడు. "మీ అక్కను అడుగు. వద్దంటే మల్ల ఆ మాట ఎత్తను," అన్నాడు.

నేను అక్కను అడగలేదు. అక్కకు ఇష్టం లేదని ఇవ్వాళ అతనికి చెప్పేశాను.

దేవిదాస్ మా కులంవాడే. మాలో మారుమనువు తప్పు కాదు. ఊళ్లో అయితే ఎవరూ ఏమీ అనరు. కానీ నాకు నిజామాబాద్ నుంచి సంబంధం వస్తోంది. పిల్ల తండ్రి హెడ్మాస్టర్. ఏమనుకుంటాడో.

ఇంకోటి కూడా రాయాలి. అక్క పోతే నాకు వండిపెట్టేదెవరు?

30 ఏప్రిల్

దేవిదాస్ రాజీనామా ఇచ్చి నాందేడ్ వైపు ఏదో ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చి చెప్పి పోలేదు.

7 మే

ఆదివారం. ఎందుకు వస్తలేడని అక్క అడిగింది. పని దొరికి పోయాడన్నాను.

25 జూన్

ఒక మొక్క పూసింది. కందిగింజంత పువ్వు. అక్క నన్ను లేపి మరీ చూపించింది. అతనికి కార్డు రాయమంది. ఆమె చెబుతుంటే రాశాను. పోస్ట్ చేయలేదు.

9 జూలై

కొడుకునూ బిడ్డనూ చూసిపోదామని అవ్వ మా ఊరు మోర్తాడ్ నుంచి వచ్చింది. అన్నం తింటూ నన్ను అడిగింది. "దేవిదాస్ ఎండకాలంల నా తానకు అచ్చిండు. నాకైతే ఇష్టమే, నా కొడుకు రాజలింగును అడుగు బిడ్డా అని చెప్పిన. ఏమాయె?"

అక్క చేతిలో ముద్ద అట్లాగే ఆగింది.

అంతా చెప్పాను. కార్డు సంగతి కూడా. అవ్వ తిట్టింది. అక్క తిట్టలేదు. "నన్నొక్క మాట అడిగితే ఏం పోతుండె తమ్మీ," అంది. లేచి చేయి కడుక్కుంది.

16 జూలై

ల్యాబ్‌లో దేవిదాస్ అడ్రస్ కనుక్కుని నాందేడ్ పోయి వచ్చాను. అతని ఇంటి తలుపు ఒకామె తీసింది. కాళ్లకు కొత్త మెట్టెలు. పెళ్లయి నెల రోజులట.

దేవిదాస్ చాయ్ తాగించాడు. బస్టాండ్ దాకా వచ్చాడు. నేను అబద్ధం చెప్పానని అక్కడ ఒప్పుకున్నాను. అతను, ఎండకు మొక్కలు బతికాయా అని అడిగాడు. రెండు బతికాయన్నాను.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. "ఆమె మంచిదేనా?" అని అడిగింది. మంచిదాన్లాగే ఉందన్నాను.

17 జూలై

అక్క అవ్వ వెంట మోర్తాడ్ పోయింది. పసుపు చేలకు కూలికి పోతుందట. "నీ ఇంట్ల మస్తు దినాలు తిన్న," అంది. మొక్కలు తీసుకుపోలేదు.

20 ఆగస్టు

హెడ్మాస్టర్ వాళ్లు వచ్చారు. ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా అని అడిగారు. లేచి వరండాలోకి పోయి మొక్కలకు నీళ్లు కొట్టాను. వాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు.