క్లారా వేన్ సాక్ష్యం

న్యూయార్క్, 1841 మే 12

ప్రియమైన చెల్లి హెట్టీకి,

టోపీల కొట్టులో పని ఎలా సాగుతోంది? ఉండే చోటు చెప్పవు, ఎప్పుడూ తపాలా ఆఫీసుకే రాయమంటావు, ఏం పిల్లవే! ఇది విను, నోరెళ్లబెడతావు. ఆ పాడు సానికొంపల వీధిలో రోసెట్టా అనే పిల్లని కత్తితో పొడిచి చంపారు కదా, ఆ కేసులో పన్నెండు మంది జూరీలో నన్నూ వేశారు! "ఆ కొంపల గోల మనకెందుకయ్యా?" అని మీ వదిన ఒకటే సణుగుడు. "ఎవరి బిడ్డైనా బిడ్డే కదే" అన్నాను. చంపాడని పట్టుకున్న ఆ వారింగ్ ఎంత పెద్ద వ్యాపారి కొడుకైనా, తప్పు చేసుంటే ఉరికంబం ఎక్కాల్సిందే.

నీ అన్నయ్య,
ఎజ్రా

మే 14

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం చూసి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పి తప్పుకోకూడదూ? పోనీ ఒక్క మాట చెప్పు. అలాంటి ఇంట్లో ఉండే మనిషి, వారింగ్ నెత్తుటి చేతులతో మెట్లు దిగడం కళ్లారా చూశానంటే, నువ్వు నమ్ముతావా?

నీ హెట్టీ

మే 16

పిచ్చి హెట్టీ,

నేనెందుకు తప్పుకుంటాను? సాక్షి ఏ ఇంట్లో ఉంటే నాకేం? నిజం చెబితే నమ్ముతాను, అమ్మ మీద ఒట్టు. చిన్నప్పుడు జాడీ పగలగొట్టి, దెబ్బలు తప్పవని తెలిసీ "నేనే" అన్నావు, గుర్తుందా? నిజం చెప్పే మొహాన్ని ఇట్టే పట్టేస్తాను.

అన్నయ్య

జూన్ 4

హెట్టీ,

"క్లారా వేన్!" అని బంట్రోతు కేకేస్తే నా చెల్లెలు వచ్చి నిలబడింది. దేవుడా! మూడేళ్లుగా టోపీల కొట్టు అన్నావు కదే! "పేరే అబద్ధం, ఇక మాటెంత?" అని వారింగ్ వకీలు వెక్కిరిస్తే కోర్టంతా నవ్వింది. నువ్వు మాత్రం చూసింది చూసినట్టు చెప్పావు. జాడీ పగిలిన నాటి మొహమే.

లోపలి గదిలో పదకొండు మందీ "అలాంటిదాని మాటకేం విలువ?" అన్నారు. "ఆమె అబద్ధం చెప్పదు" అని నాలిక చివరిదాకా వచ్చింది. నీకెలా తెలుసని అడుగుతారేమోనని భయపడ్డాను. నేనూ చెయ్యెత్తాను. పావుగంటలో వాణ్ణి వదిలేశాం. మీ వదినకి ఏమీ తెలియదు. నన్ను క్షమించు.

ఎజ్రా

జూన్ 6

అన్నయ్యా,

నువ్వు అక్కడ ఉంటావని తెలిసే వచ్చాను. నాకు జ్వరం వస్తే వారం రోజులు గంజి తాగించి బతికించింది రోసెట్టా. నువ్వు నా మొహం చూడకపోయినా సరే, దానికి న్యాయం జరిగితే చాలనుకున్నాను. కోర్టు నవ్వుతుంటే నిన్నే చూస్తూ చెప్పాను. నువ్వు నమ్మావు కూడా. ఆ సంగతే నాకు మింగుడుపడటం లేదు.

నిన్న వారింగ్ మా గుమ్మం ముందు ఆగి, నాకు టోపీ ఎత్తి నవ్వి పోయాడు.

వదిన అడిగితే, టోపీల కొట్టు మూసేశారని చెప్పు.

క్లారా వేన్