గట్టు మీది అడవికంది

మార్గశిర బహుళ తదియ, మార్కాపురం

ఈ రోజు కూలికి వచ్చిన మా ఊరి లచ్చమ్మ పెద్దమ్మ ప్రయోగపు మడిలో కలుపు తీస్తూ నా అడవికంది తీగలన్నీ పీకేసింది. నల్లమలంతా తిరిగి తెచ్చుకున్న తీగలవి. కాయ మీద నూగు ఉంటుంది కాబట్టి పురుగు ముట్టదు. ఆ పుప్పొడిని రేపు మన కంది పువ్వులకు అంటించి, పురుగుకు లొంగని కొత్త కందిని తీయాలనుకున్నాను. పోయిన ఏడు మా ఊరి చేలల్లో పురుగు గింజ మిగల్చలేదు మరి.

కోపం పట్టలేక అరిచాను. ఆమె బిత్తరపోయింది.

"ఏంది అబ్బయ్యా, ఇట్ల అరుస్తావు? మీ నాయన చేన్లో ఇది కనపడితే ఊరుకునేటోడా? నాకు పీకేది నేర్పినోడు ఆయనే గదా!"

నాకు నేర్పిందీ ఆయనే. వాన వెలిసిన పొద్దున నన్ను వెంటేసుకుని ఈ తీగల కోసం చేని గట్టంతా తిరిగేవాడు. తీగ వేరుతో సహా వస్తే, "అట్ల పీకాల" అని నా మట్టి చేతులు తన పంచెకు తుడిచేవాడు.

సాయంత్రం ఆశ చావక మా పాత చేనికి వెళ్లాను. గట్టు పొడుగునా వెతికాను. నాయన పోయి పదేళ్లయినా, ఒక్క తీగ కూడా మొలవలేదు.