417 నెంబరు దుప్పటి

కమాండింగ్ ఆఫీసరు గారికి,

రెజిమెంటు చరిత్రలో మీరు రాయమన్న అధ్యాయం నావల్ల కావడం లేదు, మన్నించండి. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఒంటిమీద గీత పడకుండా పోరాడాడని మీరు మురిసిపోతున్న 417 నెంబరు సిపాయి ఒక్కడు కాడండీ. మన పటాలంలో మనిషి పోతే అతని దుప్పటి ఉతికి కొత్తవాడికిచ్చేవారు. దానిమీది నెంబరు చెరపడం ఎందుకని, ఆ నెంబరే కొత్తవాడికీ వేసేవారు. పాత జాబితాల్లో ఆ నెంబరు ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కేస్తే తొమ్మిదిమంది తేలారు. ఎనిమిదిమందీ పోయారు, నెంబరే తప్ప వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

నాకు దుప్పటి ఇస్తూ స్టోరు హవల్దారు, "జాగ్రత్తరా, దీని ఆయుష్షు గట్టిది" అన్నాడు.

విగ్రహం పెట్టాలనే ఉంటే ఆ దుప్పటికే పెట్టించండి, పంపిస్తాను. ఎనిమిదిమంది బతుకు నాదేనని ఈ వయసులో సంతకం పెట్టలేను.

ఇట్లు,
తొమ్మిదో 417