జబ్బు బండ

మస్తాన్ మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం యాడికీ చేరదని తెలిసే రాస్తాండా.

వేంపల్లె బండల మిషన్ కాడ, ఉల్లిపొరల మాదిరి గీతలుండే రాళ్లను మనమంతా 'జబ్బు బండ' అని కంకరకు పారేస్తాంటిమి గదా. నువ్వొక్కడివే ఒకదానికి పాలిష్ పట్టి మీ గడప ముందర పరుచుకుంటివి. "ఇది సముద్రం నీళ్లలో పాచి, రాయైపోయింది" అంటివి. నేను చదువుకున్నోణ్ని, సగం చదువు శెనక్కాయల పొట్లాల కాగితాల్లోదే అనుకో, ఊరుకుంటానా? "సముద్రం పులివెందుల బస్సెక్కి వచ్చిందా?" అని టీ అంగట్లో అందరినీ నవ్విస్తి. నువ్వు మళ్లా ఆ అంగడికి రాలేదు.

నిన్న కాలేజీ మేడమ్ ఒకామె వచ్చి మీ గడప ముందర బండను చూసింది. అది పాచేనంట. అట్లాంటి పాచి కోట్ల ఏండ్లు గాలిని బాగుచేసినాకే మొక్కలు నీళ్లలోనుంచి గట్టెక్కినాయంట. వాటి యెనక పురుగులు, ఇంకా శానా కాలానికి కాళ్లు మొలిచిన చేపలు. నువ్వు వినుంటే ఆమెను పొద్దుగూకేదాకా వదిలేటోనివి కాదు.

"ఇది పాచని మొదట కనిపెట్టింది ఎవరు తాతా?" అని అడిగింది. మీ ఇంటామె బీబమ్మ వాకిట్లోనే నిలబడి నా మొగం చూస్తాంది.

"నేనే" అంటి.

మామా, బీబమ్మ లోపలికి పోయి నాకు కుర్చీ తెచ్చి వేసింది.